గొడవపడ్డ జట్టును విడగొట్టొద్దు

సంపాదకుడు గారికి,

హైస్కూల్లో ప్రాజెక్టు పనులకు పిల్లల్ని జట్లుగా వేస్తాం. మూడో రోజుకల్లా “సార్, వాళ్లతో మాకు పడట్లేదు” అని వస్తారు. మేం వెంటనే జట్లు మార్చేస్తాం. నిరుడు మా తొమ్మిదో తరగతిలో ఊరి చెరువు మీద సర్వే చేస్తూ లెక్కల నోటుపుస్తకం ఎవరి దగ్గరుండాలని నలుగురు పోట్లాడుకుంటే నేనూ అదే చేశాను. చివరికి వచ్చిన చార్టు మీద పేర్లు నాలుగు, దస్తూరి ఒక్కరిది.

ఆ తర్వాత దర్శకుడు జాన్ హ్యూస్ 1985లో తీసిన అమెరికన్ సినిమా ‘ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ చూశాను. శిక్షగా ఓ శనివారమంతా బడి లైబ్రరీలో కూర్చోవలసిన ఐదుగురు పిల్లల కథ అది. చదువరి బ్రయాన్, కుస్తీ ఆడే ఆండ్రూ, కలవారి పిల్ల క్లెయిర్, మొండి బెండర్, నోరు విప్పని ఆలిసన్. జట్టు ఏదైనా మొదట చేరుతుంది, తర్వాత గొడవపడుతుంది, సర్దుకుంటుంది, అప్పుడే పని సాగిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో రాశాడు. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్నీ ఐదో దశగా చేర్చాడు. ఈ సినిమాలో ఆ దశలన్నీ ఒక్క పగటిలో కళ్లకు కడతాయి.

మధ్యాహ్నం తిండి పొట్లాలు విప్పే ఘట్టం చూడండి. క్లెయిర్ ముందు జపాన్ వంటకం సుషీ. బ్రయాన్‌కు అమ్మ అంచులు కోసి పంపిన రొట్టె. ఆలిసన్ రొట్టెలోని మాంసం ముక్క తీసి విసిరేసి, పంచదార, పాలలో వేసుకు తినే సీరియల్ పలుకులు నింపుకుని కరకర నములుతుంది. బెండర్ ఏమీ తెచ్చుకోలేదు, మిగతావాళ్ల తిండిని వెక్కిరిస్తాడు. మన బళ్లలో క్యారేజీలు విప్పే వేళ గొడవలూ ఇలాగే మొదలవుతాయి. కాసేపటికి వరండాలో అందరూ పట్టుబడబోతుంటే, మిగతావాళ్లను తప్పించడానికి అదే బెండర్ కావాలని దొరికిపోతాడు. అతను తప్పించుకొచ్చాక, పొద్దున తిట్టుకున్నవాళ్లే వైస్ ప్రిన్సిపాల్ కంటపడకుండా అతన్ని బల్ల కింద దాస్తారు.

చివర్లో నేలమీద గుండ్రంగా కూర్చున్నప్పుడు బ్రయాన్ అసలు సంగతి చెబుతాడు. చేతిపనుల క్లాసులో తను చేసిన దీపం వెలగక ఒక్క సబ్జెక్టు తప్పినందుకు చచ్చిపోవాలనుకున్నాడట. ఇంటర్ ఫలితాల రోజు మన ఇళ్లలో ఉండే భయం తెలిసినవాణ్ని కనుక ఆ మాట దగ్గర నేను కదల్లేకపోయాను. పొద్దున గొడవకే ఆ ఐదుగుర్నీ వేరు చేసి ఉంటే బ్రయాన్ ఆ మాట ఎవరితో చెప్పుకునేవాడు?

అన్ని గొడవలూ ఒకటి కావు. చెయ్యి చేసుకున్నా, కులం పేరెత్తినా, ఆడపిల్లను వేధించినా పెద్దలు అడ్డుపడాల్సిందే. క్లెయిర్ పట్ల బెండర్ ప్రవర్తన చాలాచోట్ల హద్దు దాటింది, దాన్ని నేను సమర్థించను. నోటుపుస్తకం తగాదా మాత్రం అలాంటిది కాదు.

“సోమవారం కూడా మనం స్నేహితులమేనా?” అని బ్రయాన్ అడిగితే, పలకరించనేమోనని క్లెయిర్ నిజమే చెబుతుంది. ఒక్కరోజు జట్టుకు అంతకన్నా హామీ ఉండదు. చదువు సాగుతుండగానే పిల్లల్ని అంచనా వేసే మన నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు మార్కులున్నాయి కానీ, జట్టు కుదురుకోవడానికి గడువు లేదు. ఒకసారి వేసిన జట్టును విద్యా సంవత్సరమంతా కొనసాగించాలనీ, తగాదాలు మాట్లాడుకోవడానికి వారానికో పీరియడ్ ఇవ్వాలనీ రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ మార్గదర్శకాల్లో చేర్చాలని కోరుతున్నాను.

– ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు