మా ల్యాబ్ క్లౌడ్ లేచి నిలబడింది: మాస్టారికీ, మిగతా అందరికీ థాంక్స్

నమస్కారం అండీ. ఈమధ్య నన్ను ఎవరు పలకరించినా "ఏటండీ, సర్వర్ల సంగతి ఏటయింది?" అనే అడిగారు. ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు, నడుస్తున్నాయి. మధురవాడ అవతల మా కాలేజీ ల్యాబులో మూడు పాత సర్వర్ల మీద అపాచీ క్లౌడ్‌స్టాక్ పెట్టాం, అంటే సర్వర్లన్నిటినీ కలిపి ఒక క్లౌడ్‌గా నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫైనలియర్ పిల్లలు ఎవరి లాగిన్‌తో వాళ్లు లోపలికెళ్లి తలో వర్చువల్ మెషిన్ (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో పుట్టే కంప్యూటర్) తీసుకుంటున్నారు. దీనికి చెయ్యేసిన వాళ్లెవరూ మా దగ్గర పైసా పుచ్చుకోలేదు, కనీసం నలుగురిలో చెప్పుకోవాలి కదా. పేరు రాయొద్దని ముఖ్యమైన మనిషే గట్టిగా చెప్పారు కాబట్టి ఆయన్ని మాస్టారు అనే అంటాను. మిగతావాళ్ల పేర్లూ రాయను.

ఇదంతా ఎందుకు మొదలైందంటే, గూగుల్ డేటా సెంటర్ మన వైజాగ్‌కి వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించిన దగ్గర్నుంచి పిల్లలు క్లౌడ్ అంటే చాలు చెవులు రిక్కిస్తున్నారు. సిలబస్‌లో ఉన్న క్లౌడేమో స్లైడ్లలోనే ఉంది. బయట అద్దెకి తీసుకుంటే నెలనెలా బిల్లు, లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ కొందామంటే బడ్జెట్ లేదు. కేవీఎం (ఒకే సర్వర్ మీద పలు వర్చువల్ మెషిన్లు నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్) మీద మెషిన్లు నడపడం మాకు ముందే వచ్చు. కానీ అరవైమంది పిల్లలు "సార్ నాకో మెషిన్" అని క్యూ కడితే ఒక్కొక్కటీ చేత్తో చేసివ్వడం మనిషి పని కాదు. దానికి ఆ పనంతా తానే చేసిపెట్టే మేనేజ్‌మెంట్ సర్వర్ కావాలి, క్లౌడ్‌స్టాక్ ఇచ్చేది అదే.

మాస్టారు కూర్మన్నపాలెం నుంచి వచ్చారు. ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెం నుంచి మా దగ్గరికంటే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి, మధ్యలో ఎన్ఏడీ ట్రాఫిక్ ఒకటి. వచ్చి కూర్చోగానే కీబోర్డు ముట్టుకోలేదు, కాగితం అడిగారు. జోన్ (ఒక డేటా సెంటర్ లాంటిది), దాన్లో పాడ్ (ఒక ర్యాక్ లాంటిది), పాడ్‌లో క్లస్టర్ (హోస్ట్‌ల గుంపు), క్లస్టర్‌లో హోస్ట్‌లు (మెషిన్లు నడిచే అసలు సర్వర్లు), మెషిన్ల డిస్కులకి ప్రైమరీ స్టోరేజ్, టెంప్లేట్లకీ (మెషిన్ల అచ్చులు) ఐఎస్ఓలకీ (ఇన్‌స్టాల్ డిస్కు ఫైళ్లు) సెకండరీ స్టోరేజ్ అని గీయించారు. మా ప్రిన్సిపల్ గారి మొదటి భయం: ఈ మేనేజ్‌మెంట్ సర్వర్ పడిపోతే పిల్లల మెషిన్లన్నీ పడిపోతాయా? దానికి మాస్టారి జవాబు, "మేస్త్రీ టీకి వెళ్తే కట్టిన గోడ కూలిపోద్దా సార్? కొత్త పని మొదలవదు, అంతే." నిజమే, ఆ సర్వీసు ఆపి చూపించారు. నడుస్తున్న మెషిన్లు హోస్ట్‌ల మీద నడుస్తూనే ఉన్నాయి. కొత్తది పుట్టించడమే కుదరలేదు.

"ఉచితం అంటున్నారు, రేపు ఆ కంపెనీ మూసేస్తే?" అనేది ప్రిన్సిపల్ గారి రెండో ప్రశ్న. ఇది మొదట క్లౌడ్ డాట్ కామ్ అనే కంపెనీది, 2011లో సిట్రిక్స్ కొనుక్కుంది, 2012లో అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది, కాబట్టి మూసేయడానికి ఒక ఓనర్ అంటూ లేడని మాస్టారు చెప్పాక ఫైలు మీద సంతకం పడింది.

ఇక మమ్మల్ని ఏడిపించిన ముచ్చట. జోన్ ఆన్ చేశాం. క్లౌడ్‌స్టాక్ తన పనికోసం తానే రెండు చిన్న మెషిన్లు పుట్టించుకుంటుంది, ఒకటి సెకండరీ స్టోరేజ్ చూసుకునేది, ఇంకోటి కన్సోల్ చూపించేది. రెండూ రన్నింగ్ అని పచ్చగా కనిపిస్తున్నాయి. ఏజెంట్ (మేనేజ్‌మెంట్ సర్వర్‌తో మాట్లాడే లోపలి ప్రోగ్రామ్) గడిలో మాత్రం అప్ అని రావట్లేదు. టెంప్లేట్ దిగదు, ఐఎస్ఓ ఎక్కదు. మేనేజ్‌మెంట్ సర్వర్ లాగ్ చదివీ చదివీ కళ్లు కాయలు కాశాయి.

మాస్టారు ఫోన్లో విని, "ఇటువైపు నుంచి ఎంత చూసినా అంతే, ఆ మెషిన్ లోపలికెళ్లి అక్కణ్నుంచి చూడండి" అన్నారు. మర్నాడు వచ్చి దారి చూపించారు. ఆ మెషిన్ ఏ హోస్ట్ మీద ఉందో ఆ హోస్ట్‌లోకి వెళ్లాలి. అక్కణ్నుంచి 169.254తో మొదలయ్యే దాని లోపలి అడ్రస్‌కి, 3922 పోర్టు మీద, హోస్ట్‌లో ఉండే క్లౌడ్ కీతో ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) చెయ్యాలి. లోపల వాళ్లే పెట్టిన ఒక చెకింగ్ స్క్రిప్టు ఉంటుంది. నడిపితే ఒక్కో లైనూ వచ్చింది. డీఎన్ఎస్ (పేర్లని అడ్రస్‌లుగా మార్చేది) బాగుంది. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది స్టోరేజ్) మౌంట్ అయింది. చివర్లో, మేనేజ్‌మెంట్ సర్వర్ ఫలానా అడ్రస్, 8250 పోర్టుకి కనెక్ట్ అవలేకపోతున్నా అని. మాస్టారు ఆ అడ్రస్ మీద పెన్ను పెట్టి, "ఇది ఎవరిది?" అన్నారు. ఆఫీసు నెట్‌వర్క్‌ది! మా సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు. మొదటిసారి లేచినప్పుడు క్లౌడ్‌స్టాక్ తనంతట తానే ఆఫీసు వైపు అడ్రస్ పట్టుకుని కూర్చుంది. ఆ చిన్న మెషిన్లకి అటు దారే లేదు.

గ్లోబల్ సెట్టింగ్స్‌లో హోస్ట్ అనే పేరుతో ఒక విలువ ఉంటుంది. అక్కడ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ అడ్రస్ రాసి సర్వీసు రీస్టార్ట్ చేశాం. "ఇప్పుడు ఆ రెండు మెషిన్లనీ డిస్ట్రాయ్ కొట్టండి" అన్నారు. నా చెయ్యి ఆగింది. "కొట్టండి బాబూ, అదే మళ్లీ పుట్టించుకుంటుంది." కొట్టాను. కాసేపటికి కొత్త నంబర్లతో రెండూ లేచాయి, ఏజెంట్ గడిలో అప్ అని పడింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, టీ ఏదీ అన్నారు. వెళ్లేటప్పుడు చేతిలో మాడుగుల హల్వా డబ్బా పెడితే, సుగర్ ఉందంటూనే తీసుకున్నారు.

తర్వాతి చిక్కు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పాత స్టూడెంట్ విప్పింది. కాలేజీ లోపలి వెబ్ సర్వర్ మీద పెట్టిన ఐఎస్ఓలు మాత్రం దిగట్లేదు, బయట ఇంటర్నెట్‌వి దిగుతున్నాయి. "సార్, అది కావాలనే అలా పెట్టారు" అంది. ఆ స్టోరేజ్ మెషిన్‌కి ఒక కాలు బయట, ఒక కాలు లోపల. ఎవరో కుర్రాడు లింకు పెట్టే చోట లోపలి సర్వర్ అడ్రస్ ఇస్తే అది పోయి తెచ్చేస్తుంది, అందుకని లోపలి అడ్రస్‌లన్నీ ముందే మూసేసి ఉంచుతారు. అనుమతించే అంతర్గత సైట్లు అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్లో మా వెబ్ సర్వర్ ఒక్కదాన్నే రాయించింది. మొత్తం నెట్‌వర్క్ రాసేద్దామంటే ఒప్పుకోలేదు. బాగా చేశావమ్మా.

కంచరపాలెం తమ్ముడు కేబుల్ పని చేస్తాడు. క్లౌడ్ అంటే ఏంటో తనకి అక్కర్లేదు. మెషిన్లకి అడ్రస్‌లు పంచే క్లౌడ్‌స్టాక్ రౌటర్ ఉన్న హోస్ట్ మీద పెట్టిన మెషిన్‌కి అడ్రస్ వస్తోంది, పక్క హోస్ట్ మీద పెడితే రావట్లేదు అని చెప్పానో లేదో, "అన్నా, ఆ పోర్టు ట్రంక్‌లో వీలాన్ లేదేమో చూడు" అన్నాడు. అదే అయింది: ఆ స్విచ్ పోర్టు గుండా పోనిచ్చే నెట్‌వర్క్‌ల జాబితాలో (ట్రంక్) మా మెషిన్ల నెట్‌వర్క్ (వీలాన్) లేదు. పనిలో పనిగా కేబుళ్లన్నిటికీ లేబుళ్లు అంటించి పోయాడు.

బ్యాకప్ విషయంలో మాత్రం మాస్టారు చండశాసనుడు. ఏ మెషిన్ ఎవరిది, ఎక్కడుంది అన్న లెక్కంతా మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోనే ఉంటుంది కాబట్టి రోజూ రాత్రి దాని కాపీ తీయాలి, దాంతోపాటు ఆ డేటాబేసులోని పాస్‌వర్డులు విప్పే కీ ఫైలూ దాచాలి, అది లేకపోతే కాపీ ఉన్నా వ్యర్థం అని పట్టుబట్టారు. కాపీ అదే గదిలో ఎందుకండీ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లమే కదా అన్నారు. ఇంకో బ్లాకులో పెట్టాం. కీ వేరే చోట.

ఇంకా కొందరున్నారు. ఏసీ రాత్రిళ్లు కూడా ఆపకుండా చూసుకున్న అటెండరు అన్న, చేసిన ప్రతి మార్పూ నోట్‌బుక్కులో తేదీ వేసి రాసిన మా ల్యాబ్ మేడమ్. ఆ నోట్‌బుక్ లేకపోతే నేను ఇందులో సగం రాయలేకపోయేవాణ్ని.

గాజువాక, అనకాపల్లి వైపు కాలేజీల్లో ఎవరైనా ఇదే పని మొదలుపెడుతుంటే ఆ నోట్‌బుక్ జిరాక్స్ ఇస్తాం. శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్ తెరిచే ఉంటుంది, వచ్చేముందు ఒక ఫోన్ కొట్టండి. మాస్టారూ, ఈ ఆదివారం యూపీఎస్ బ్యాటరీలు మారుస్తున్నాం, మీరు అంత దూరం రావద్దు, ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టకండి.