‘త్వరలో’ అనే మాటకు గడువు లేదా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో హైపర్‌సోనిక్ విమానాల మీద వచ్చిన రంగుల పేజీ గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాసి ఉంటే మాట తూలేవాణ్ణి. నాలుగు రోజులు ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు.

‘ఇక రెండు గంటల్లో ప్రపంచంలో ఎక్కడికైనా’ అని శీర్షిక. ‘ఇక’ అంటే ఎప్పటినుంచి? 1986లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చెప్పిందీ ఇదే. వాషింగ్టన్ దగ్గర ఎక్కితే రెండు గంటల్లో టోక్యో అన్నారు, అదీ 1990ల చివరికల్లా. దానికి ఎక్స్-30 అని పేరు కూడా పెట్టారు. ఒక్క విమానమూ ఎగరకుండానే ఆ పథకం అటకెక్కింది. అప్పటి వార్తకూ మీ వార్తకూ తేడా ఒక్కటే, అప్పుడు బొమ్మ నలుపు తెలుపులో ఉండేది.

పైగా ఒకప్పటి ప్రయాణికుల విమానం కాంకార్డ్‌ను హైపర్‌సోనిక్ అన్నారు. ధ్వనికి ఐదు రెట్లు దాటితేనే ఆ పేరు. కాంకార్డ్ రెండు రెట్లు, అంతే. మాక్ 5 (ధ్వని వేగానికి ఐదు రెట్లు) అంటే గంటకు 5,000 కిలోమీటర్లని బాక్సు కట్టి మరీ వేశారు! గాలి చల్లబడే కొద్దీ ధ్వని వేగం తగ్గుతుంది. నేల దగ్గర మాక్ 5 అంటే సుమారు 6,100, బాగా పైన సుమారు 5,300. అచ్చుకు ముందు ఇలాంటివి సరిచూసేవాళ్లు ఒకప్పుడు పత్రికల్లో ఉండేవారు.

అసలు చెప్పాల్సింది సెకన్ల లెక్క. నాసా వాళ్ల పైలట్ లేని ప్రయోగ విమానం ఎక్స్-43ఎ 2004 నవంబరులో మాక్ 9.6 అందుకున్న మాట నిజమే, కానీ ఇంజిన్ మండింది పది సెకన్లు అటూఇటుగా. 2013లో అలాంటిదే అయిన ఎక్స్-51ఎ ఇంజిన్ మూడున్నర నిమిషాలు మండితే అదే గొప్ప అనుకున్నారు. రెండూ చివరికి సముద్రంలో పడ్డాయి. అలా పడాలన్నదే ఏర్పాటు. టికెట్ కొన్నవాడు దానికి ఒప్పుకుంటాడా? వీటిలో వాడే స్క్రామ్‌జెట్ ఇంజిన్ గుండా గాలి ధ్వని కంటే వేగంగా దూసుకుపోతుంటే, ఆ మిల్లీసెకన్లలోనే ఇంధనం కలవాలి, మండాలి. నిలబడిన చోటి నుంచి అది పనే చేయదు. ఎక్స్-43ఎను బి-52 బాంబర్ రెక్క కింద మోసుకెళ్లి, పైన రాకెట్‌తో తోస్తే గానీ అంటుకోలేదు. మీ బొమ్మలో మాత్రం రన్‌వే మీద నుంచి దర్జాగా లేస్తోంది! గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది.

వేడి గురించి ఒక్క ముక్క లేదు. 1967లో ఎక్స్-15 రాకెట్ విమానం మాక్ 6.7తో వెళ్లింది. పైలట్ క్షేమంగా దిగాడు గానీ, వేడికి దెబ్బతిన్న ఆ విమానం మళ్లీ ఎగరలేదు. ప్రయాణికుల విమానం సాయంత్రానికి మళ్లీ బయల్దేరాలి కదా. క్షిపణికి ఆ బాధ లేదు, ఒకసారి పోతే చాలు, తిరిగి రానక్కర్లేదు. డబ్బు ఎక్కువగా అటు పోతున్నది అందుకే. మీరేమో హైపర్‌సోనిక్ విమానాల కోసమన్న సేబర్ ఇంజిన్ ‘త్వరలో’ అని రాశారు. దాన్ని తయారుచేస్తున్న బ్రిటన్ కంపెనీ రియాక్షన్ ఇంజిన్స్ 2024 అక్టోబరులోనే చేతులెత్తేసింది. ఆ మాట వెతకడానికి ఫోనులో అర నిమిషం చాలు.

మీ ఒక్కరినే అని ఏం లాభం? గాలి తీసేసిన గొట్టంలో బండి నడిపే హైపర్‌లూప్ అన్నప్పుడూ ఇంతే. ఎందరు నాయకులు, ఎందరు అధికారులు నమూనా పక్కన ఫొటోలు దిగారు! విమానం కంటే వేగమన్న ఆ బండిలో 2020లో ఇద్దర్ని కూర్చోబెట్టి నడిపితే గంటకు 172 కిలోమీటర్లు వచ్చింది. బుల్లెట్ రైళ్లు నవ్వుకునే వేగం. దాన్ని నడిపిన కంపెనీ 2023 చివర మూతపడింది. మొదలుపెట్టినప్పుడు మొదటి పేజీ, మూతపడినప్పుడు లోపలెక్కడో నాలుగు లైన్లు.

కనీసం ఆ మాక్ 5 లెక్కకు సవరణ వేయండి. మొదటి పేజీలో అక్కర్లేదు. వరుడు కావలెను ప్రకటనల పక్కన వేసినా వెతుక్కుని చదువుకుంటాను.

– ఒక పాత చందాదారు