అరువు సొమ్ములతో సాఫ్ట్‌వేర్ ఎంతకాలం?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యా పేజీలో ఇంజినీరింగ్ పిల్లలకు సలహాలంటూ వచ్చిన వ్యాసం చదివాను. అదే రోజు రాయాల్సింది, ఇంట్లో పెళ్లి పనుల వల్ల తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఈలోగా ఎవరైనా నాలుగు ముక్కలు రాసి పంపుతారేమోనని రోజూ లేఖల శీర్షిక చూశాను. ఒక్కటీ రాలేదు. వీధి కుక్కల మీద మూడు, రైళ్ల ఆలస్యం మీద రెండు వచ్చాయి. అవీ అవసరమే, కాదనను.

ఆ వ్యాసం సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఉచితంగా దొరికే ప్యాకేజీలు, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ మూటలు, లక్షల్లో ఉండగా సొంతంగా కోడ్ రాసుకోవడం తెలివితక్కువ పనట. చక్రాన్ని మళ్లీ కనిపెట్టొద్దట. ఇంగ్లిషువాడి సామెత దొరికింది కదా అని వాడేశారు. మన సామెత గుర్తు రాలేదు కాబోలు: అరువు సొమ్ములు బరువు చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు. పక్కింటావిడ నగ అడిగి పేరంటానికి పెట్టుకెళ్లినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఒంటి మీద ఉన్నంతసేపూ టెన్షనే.

మొన్న కార్తీక మాసంలో మా కాలనీ వనభోజనాలకు పేర్లు నమోదు చేసుకోవడానికి చిన్న వెబ్ పేజీ కావాల్సి వచ్చింది. బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్న మా చెల్లెలి మనవడు చేసిపెట్టాడు. పేరు, ఫోన్ నంబరు, ఎంతమంది వస్తారు: మూడు గడులు, ఒక బటన్. ముచ్చటగానే ఉంది. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన రోగం కదా, లోపల ఏముందో చూపించమన్నాను. నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డరు తెరిస్తే ఎనిమిది వందల పైచిలుకు ప్యాకేజీలున్నాయి. వాడు కోరి తెచ్చుకున్నవి పదకొండే. మిగతావి ఎవరివిరా అంటే, "తెలీదు తాతయ్యా, అవే వచ్చాయి" అన్నాడు. పదకొండు మందిని భోజనానికి పిలిస్తే ఎనిమిది వందల మంది విస్తళ్ల ముందు కూర్చున్నారన్నమాట. పిలిచినవాడు వాళ్లలో ఒక్కరి మొహం ఎరగడు.

ఈ ప్యాకేజీలన్నీ దొరికే ఎన్‌పీఎం అనే భాండాగారంలో ఒక సంఖ్య బేసి అవునో కాదో చెప్పడానికి ఒక ప్యాకేజీ ఉంది. ఇచ్చింది అసలు సంఖ్యేనా అని చూడటానికి అది ఇంకో ప్యాకేజీని పిలుస్తుంది. సరి సంఖ్య కోసం వేరే ప్యాకేజీ. అది చేసే పనల్లా బేసి ప్యాకేజీని అడిగి, వచ్చిన జవాబును తిరగేయడం. రెండో తరగతి పిల్లాడు వేళ్ల మీద చెప్పేదానికి మూడు గుమ్మాలెక్కాలి. హాస్యానికి కల్పించి చెప్పడం లేదు, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

2016 మార్చి 22న జరిగిన గొడవ మీ వ్యాసకర్త వినే ఉండాలి. కిక్ అనే పేరు దగ్గర ఒక ప్రోగ్రామరుకీ, అదే పేరున్న మెసేజింగ్ కంపెనీకీ తగువొచ్చింది. ఎన్‌పీఎం వాళ్లు ఆ పేరును కంపెనీకి ఇచ్చేశారు. ఆయనకు ఒళ్లు మండి తన ప్యాకేజీలు 270కి పైగా తీసేశాడు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ ఒకటి. మొత్తం 11 లైన్లు. బిల్లు నంబరు 42కి ముందు సున్నాలు చేర్చి 00042 అని చూపించడం లాంటి పని దానిది. దాని మీద ఆధారపడ్డ బేబెల్ అనే కోడ్ మార్పిడి పనిముట్టు ఆగింది, బేబెల్ మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతటా ఆగాయి. చివరికి యజమాని తీసేసినదాన్ని ఎన్‌పీఎం వాళ్లే మళ్లీ పెట్టారు. మా కాలపు డేటాబేస్ భాష ఫాక్స్‌ప్రోలో ఈ పనికి ప్యాడ్‌ఎల్ అని భాషలోనే ఉండేది. ఈ ప్యాకేజీలు రాసే జావాస్క్రిప్ట్ భాషకి ఆ బుద్ధి 2017లో పుట్టింది.

అది అలక. 2024లో బయటపడింది దొంగతనం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీని (ఇదీ అరువు తెచ్చుకునే కోడే) చాలా ఏళ్లు ఒక్క మనిషే తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి సాయం పట్టారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, తాళాలు చేతికొచ్చాక 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. దాని గురి సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మీద. ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎక్కువమంది వాడే ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్; దాన్ని రాసినవాళ్లు ఎక్స్‌జెడ్‌ను పిలవనేలేదు, అది గమనించాలి. సర్వర్లను నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి ఇచ్చేవాళ్లలో కొందరు ఎస్‌ఎస్‌హెచ్‌కి, లినక్స్‌లో మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీతో మాట కలపడానికి ఒక అతుకు వేశారు. సిస్టమ్‌డీ లైబ్రరీ తనతోపాటు ఎక్స్‌జెడ్‌ను వెంటబెట్టుకొచ్చింది. వియ్యంకుడి తోడల్లుడి స్నేహితుడి చేతిలో మన బీరువా తాళం!

పట్టుకున్నది ఏ ప్రభుత్వ నిఘా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందా అని తవ్వి, ఆ మార్చి 29న ప్రపంచానికి చెప్పాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ అర సెకను పట్టించింది. మన ఆఫీసుల్లో అర గంట ఆలస్యమైనా "సర్వర్ బిజీ అండీ" అని టీకి వెళ్లిపోతారు.

మా కోడలు గచ్చిబౌలిలో పనిచేస్తుంది. 2021 డిసెంబరు రెండో వారంలో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడినప్పుడు ఆ శని, ఆదివారాలు ఇంట్లో ఆమె గొంతు వినిపించింది ఆఫీసు కాల్స్‌లోనే. ప్రోగ్రాం ఏం చేసిందో డైరీలా రాసిపెట్టే లైబ్రరీ అది. బయటివాడు పంపిన మాటను రాసిపెట్టి ఊరుకోక, ఆ మాటలో ఉన్న చిరునామాకు వెళ్లి అక్కడి కోడ్ తెచ్చి నడిపేస్తుంది. తీవ్రత పదికి పది ఇచ్చారు. సరిచేసిన వెర్షన్ వెంటనే దొరికింది. కానీ అది తమ ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడ ఉందో వెతకడానికే ఆ రెండు రోజులూ పోయాయి. వాళ్లు పెట్టుకోలేదు, పెట్టుకున్నవాటిలో వేటి కడుపులోనో ఉంది. అవే వచ్చాయి!

మొన్న 2025 సెప్టెంబరులో తెర మీద అక్షరాలకు రంగులద్దే చాక్, ఇంకొన్ని ప్యాకేజీలు దొంగ మెయిలు నమ్మిన ఒకే ఒక్క నిర్వాహకుడి ఖాతా ద్వారా పాడయ్యాయి. అన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్ అయ్యేవి. ఇన్ని కోట్ల వ్యాపారాలు ఆధారపడేది ఉచితంగా పనిచేసేవాళ్ల మీద. వాళ్లకు రూపాయి ఇవ్వడం అటుంచి, పేరైనా తెలుసుకోరు.

ఈయనెవరో పాతకాలపు మనిషి, అన్నీ చేత్తో రాసుకోమంటాడు అనుకుంటారేమో. 1993లో మా బావగారి రైస్ మిల్లుకి ఫాక్స్‌ప్రోలో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్న నా తెలివి వల్ల 2000 సంక్రాంతికి వడ్డీ లెక్కలన్నీ మైనస్‌లో వచ్చాయి. బావగారే రైతులకు బాకీ ఉన్నట్టు తేలింది. ఆయన ఆ మాట ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు. ఫాక్స్‌ప్రో మాత్రం నాదా? మైక్రోసాఫ్ట్ వాళ్లది. ఇక కొత్త వెర్షన్ రాదని 2007లో చెప్పేశారు, 2015 జనవరితో మద్దతూ ఆగిపోయింది. మనవడు ఇది పట్టుకుని నన్ను ఏడిపిస్తాడు. ఒప్పుకుంటాను. ఎన్‌క్రిప్షన్ లాంటిది సొంతంగా రాసుకోబోతే కొంప మునుగుతుంది. ఏళ్ల తరబడి దాని మీదే కూర్చున్నవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సిందే. డేటాబేస్ కూడా అంతే. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్న ఎస్‌క్యూలైట్ చూడండి, 2000 నుంచి నడుస్తోంది. సీ భాషతో వచ్చే లైబ్రరీ తప్ప బయటివాటి జోలికి దాదాపు పోదు. అలాంటిదాన్ని తెచ్చుకుంటే దాని వెనక చుట్టాల దండు రాదు. నా తగువల్లా పది నిమిషాల్లో రాసుకోగలిగినదాన్ని కూడా అరువు తేవడం గురించి, తెచ్చాక ఒక్కసారైనా విప్పి చూడకపోవడం గురించి. కొత్తిమీర కట్ట కొనేటప్పుడు కూడా విప్పి చూస్తాం కదండీ.

చూసే అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది? చివరి సంవత్సరం ప్రాజెక్టులు అమీర్‌పేటలో రేటు పెట్టి అమ్ముతున్నారని తెలియని కాలేజీ ఉందా? కొన్న ప్రాజెక్టుకు మార్కులేసి పంపుతున్నాం. మేమూ వేశాం, సిగ్గుతోనే రాస్తున్నాను.

ఇక ప్రభుత్వ పోర్టళ్ల సంగతి. నవంబరులో నేను ఇంకా బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి మూడుసార్లు సెంటర్ చుట్టూ తిరిగాను. మూడోసారి అక్కడి కుర్రాడు "పైన ఏదో అప్‌డేట్ అయిందండీ, అప్పట్నుంచీ తీసుకోవట్లేదు" అన్నాడు. పైన అంటే ఎవరు, ఏది అప్‌డేట్ అయింది అని అడిగితే నవ్వాడు. తప్పు అరువు తెచ్చిన ప్యాకేజీదో, నెట్‌దో, నా అరిగిపోయిన వేలిముద్రదో నాకు తెలియదు. చెప్పగలిగినవాడు ఆ గొలుసులో ఒక్కడూ లేడు, నా బాధ అదే.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా ఉండాలని, ప్రభుత్వ శాఖలు దాన్ని అడిగి తీసుకోవాలని కేంద్రంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మన జిల్లాల్లో టెండర్లు పిలిచే అధికారుల్లో ఎంతమంది వాటిని చదివారు? రోడ్డు వేస్తే కంకర ఏ క్వారీదో కనీసం కాగితం మీదైనా రాయించుకుంటారు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద పామాయిల్ కలిపారని రాసి ఉంటుంది. కోట్లు పోసి చేయించిన పోర్టల్‌లో ఏమేం కలిపారో అడిగే దిక్కు లేదు. మంత్రిగారు రిబ్బను కత్తిరించిన ఫొటో మాత్రం మీ మొదటి పేజీలో వస్తుంది.

మీ పత్రికకూ ఒక యాప్ ఉంది. పోయిన ఆదివారం పొద్దున అది తెరుచుకోలేదు, పక్కింటివాళ్ల దగ్గర కాగితం పేపరు అడిగి చదువుకున్నాను. మీ కంప్యూటర్ విభాగాన్ని అడిగి ఆ యాప్‌లో ఎన్ని బయటి ప్యాకేజీలున్నాయో, వాటిలో ఎన్నింటిని ఒక్కసారైనా తెరిచి చూశారో అదే విద్యా పేజీలో వేయండి. బావగారి మిల్లు ప్రోగ్రాం జాబితా నేను పోస్టులో పంపుతాను. పోస్టుకార్డు చాలు, అందులో ఒకటే పేరుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం