తామర గురించి అబ్బాయికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. గజ్జల్లో దురద పుట్టి గుండ్రని ఎర్రమచ్చ లేచిందని నువ్వు ఫోనులో తడబడుతూ చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు నాన్నా. బరంపురం ఉక్కలో, చెమట ఆరని బట్టల్లో, ఎంత శుభ్రంగా ఉండేవారికైనా ఇది వస్తుంది.

నువ్వు చెప్పిన గుర్తులను బట్టి అది తామరే అనిపిస్తోంది. తామరకు అంచు కాస్త ఉబ్బి, ఎర్రగా, సన్నని పొట్టు రేగుతూ ఉంటుంది. నడుమ చర్మం తేరుకున్నట్టు కనిపిస్తున్నా మచ్చ వెలుపలికి పెరుగుతూనే పోతుంది. మెడ మీద, వీపు మీద తెల్లగానో గోధుమరంగులోనో పరుచుకునే శోభి వేరు. అదీ ఫంగస్ వల్లే వస్తుంది గాని ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అయితే పాలిపోయిన మచ్చ దురద లేకుండా ఉండి, తాకినా స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు గనుక వెంటనే చూపించాలి. దాన్ని పూర్తిగా నయం చేసే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం నీ గదిలోని అబ్బాయి ఇచ్చాడన్న ట్యూబు. దాని మీది చిన్న అక్షరాలు చదువు. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా దాన్ని వాడకు. అవి స్టెరాయిడ్లు. రాసిన రెండు మూడు రోజులకే ఎరుపూ దురదా తగ్గుతాయి గనుక మందు గొప్పదని అందరూ నమ్ముతారు; కానీ అక్కడ అణిగేది ఫంగస్‌ను ఎదిరించే మన శరీరపు శక్తి, ఫంగస్ మాత్రం చర్మంలో పాకుతూనే ఉంటుంది. పూత మానగానే మచ్చలు మునుపటి కంటే ఎక్కువగా లేస్తాయి, అంచు చెదిరిపోయి డాక్టర్లకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది, తొడల లోపలి చర్మం పలచబడి పడే చారలు ఇక పోవు. ఇలాంటి పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినా అవి అడిగినవారందరికీ దొరుకుతూనే ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

దీనికి తోడు, 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఒక రకం ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. తామరకు మామూలుగా ఇచ్చే టెర్బినఫైన్ అనే మందుకు అది చాలాసార్లు లొంగదు. అందుకే స్నేహితుడికి తగ్గిన మందు నీకు తగ్గించాలని లేదు. బరంపురంలోని ఎం.కె.సి.జి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళు. అవసరమైతే మచ్చ అంచున పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. అందుకని ఆ లోపు ఏ పూతా రాయకు. ఒడిశా ప్రభుత్వపు నిరామయ పథకం కింద మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు. మాత్రలు రాస్తే, చిన్నప్పుడు నీకు పచ్చకామెర్లు వచ్చిన సంగతి తప్పక చెప్పు, ఎందుకంటే వాటిలో కొన్ని కాలేయం మీద ప్రభావం చూపుతాయి. పూత ఇస్తే అంచు దాటి మరో 2 సెంటీమీటర్ల మేర రాయి. మచ్చ మాయమైందని ఆపేయకుండా డాక్టరు చెప్పినన్నాళ్ళూ, సాధారణంగా ఇంకో 2 వారాల పాటు, కొనసాగించు.

మొలతాడు తీసేయి. తడిసిన తాడు ఒంటిని అంటిపెట్టుకుని ఉంటే ఫంగస్ దాని కిందే నిలుస్తుంది. అది మీ నాయనమ్మ కట్టినదని వెనకాడకు, నేను ఆవిడతో మాట్లాడాను, సరేనన్నారు. జీన్స్ కొన్నాళ్ళు మాని వదులైన నూలు బట్టలు వేసుకో. తువ్వాలు, లోదుస్తులు వేడినీటిలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేయి; అవి ఎవరితోనూ పంచుకోకు. నీ గదిలోని ఆ అబ్బాయికీ మచ్చలుంటే వెంట తీసుకువెళ్ళు, ఒక్కడికే వైద్యం జరిగితే ఆ గదిలో ఇది మళ్ళీ నీకు అంటుకుంటుంది.

సోమవారం క్లాసు పోయినా ఫరవాలేదు, ఓపీకి వెళ్ళి డాక్టరు రాసిన చీటీ ఫోటో తీసి నాకు పంపు.

ఇట్లు,
అమ్మ