రాని బస్సుకు టికెట్: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారములు.

ఎలక్ట్రిక్ బస్సుల పేరిట సిటీ బస్సుల్లో వసూలు చేస్తున్న అదనపు చార్జీ విషయమై ఇంతకు ముందు రెండు వినతిపత్రాలు సమర్పించుకున్నాను. రెండింటి మీదా అందినట్లు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందువల్ల మూడో దానిని నలుగురిలో పెట్టవలసి వచ్చింది, మన్నించగలరు.

2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా తీసుకుంటున్న సంగతీ, ఎలక్ట్రిక్ బస్సులకు కావలసిన డిపోలకూ చార్జింగ్ ఏర్పాట్లకూ ఆ సొమ్మని చెప్పిన సంగతీ తమకు నేను గుర్తు చేయనక్కరలేదు. రోజుకు రెండు ప్రయాణాలు చేసే నాకు అది 20 రూపాయలు, ఇరవై అయిదు పనిదినాల నెలకు 500 రూపాయలు. మా ఆవిడది జీరో టికెట్, మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద. మహాలక్ష్మి తన చేతిలో పెట్టినది నా జేబులోంచి పోతోందని ఆమె నవ్వుతుంది. ఆ పథకం మీద నాకు ఫిర్యాదు లేదు, దానివల్లే ఆమె ఉద్యోగానికి వెళ్లగలుగుతోంది. కానీ టికెట్ కొనేవాళ్లు తగ్గిన బస్సులో కొత్త భారమంతా ఆ కొద్దిమంది మీదే పడుతుందని లెక్క వేసినవారికి తోచకపోవడం విచిత్రం.

పొగ రాని బస్సు కోసమంటే పది రూపాయలు బరువేమీ కాదు. బరువల్లా, డబ్బు ముందు తీసుకుని బస్సు సంగతి తరువాత చూద్దామనడం. నేను ఇప్పటికీ డీజిల్ బస్సే ఎక్కుతున్నాను, సిగ్నల్ దగ్గర ముందు బండి వదిలిన పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంటే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటున్నాను. అదనపు చార్జీ దేనికని ప్రయాణికులు నిలదీసేది మాత్రం కండక్టరును. పాపం, ఆయనకేం తెలుసు?

2019 మార్చిలో వచ్చిన మొదటి 40 ఎలక్ట్రిక్ బస్సులు విమానాశ్రయానికి వెళ్లాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన ఏసీ బస్సులు ఐటీ ఉద్యోగుల దారి పట్టాయి. ఆర్డినరీ ప్రయాణికుడి వంతు అందరి తరువాత వచ్చింది, అదీ కొన్ని దారుల్లోనే. ఇప్పుడు ఎలక్ట్రిక్ వాహనాలకు సాయమిచ్చే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద నగరానికి 2,000 బస్సులని, 2027 నాటికి మొత్తం 2,800 అని వింటున్నాం. సంతోషమే. అయితే కేంద్రం ఇచ్చేది పన్నెండు మీటర్ల బస్సుకు గరిష్ఠంగా 35 లక్షల రూపాయలు, అదీ కొనుగోలు వరకే. ఆ తరువాత ఏళ్ల తరబడి కిలోమీటరుకు ఇంత చొప్పున బస్సు యజమాని అయిన ప్రైవేటు కంపెనీకి నెలనెలా చెల్లించవలసింది ఆర్టీసీ. జీరో టికెట్ల సొమ్ము ప్రభుత్వం నుంచి సమయానికి రాకపోతే ఆ చెల్లింపు ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ మా టికెట్ మీదనేనా?

కొత్త డిపోలకూ, చార్జింగ్ స్టేషన్లకూ 392 కోట్లు కావాలన్నారు. అందులో మా చిల్లర ఎంత చేరింది, ఏ డిపోకు హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు లైన్ వచ్చింది, ఏ డిపోలో ఇంకా స్తంభం కూడా పాతలేదు అన్నది డిపోల వారీగా బోర్డు మీద రాసి బస్టాండులో పెట్టించడానికి ఏపాటి ఖర్చవుతుంది? ఆ ఖర్చుకూ మరో రూపాయి వేయదలిస్తే వేయండి, ఇస్తాం. ఎంతైనా డిపోకు కరెంటు తీసుకురావడం ప్రభుత్వం చేయవలసిన పని. బడ్జెట్‌లో దానికి విడిగా నిధులు కేటాయించి ఈ అదనపు చార్జీని ఎత్తివేయాలని, లేదా ఏ తేదీన ఎత్తివేస్తారో చెప్పాలని వేడుకుంటున్నాను. ఏ దారిలో ఎప్పుడు బస్సు మారుతుందో కూడా దయచేసి చెప్పించండి.

అక్టోబర్ నుంచి కొన్న ప్రతి టికెట్‌నూ ఒక బిస్కెట్ డబ్బాలో దాచుతున్నాను. మొదటి నెలలవి అక్షరాలు వెలిసిపోతున్నాయి. అవి పూర్తిగా చెరిగిపోకముందే జవాబు దయచేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక సిటీ బస్సు ప్రయాణికుడు,
హైదరాబాద్