టీవీ కొనేముందు అక్షరం చూడాలి

సంపాదకులకు,

పండగ ఆఫర్ల ప్రకటనల్లో టీవీకి అంగుళాలు, ధర తప్ప ఇంకేమీ ఉండటం లేదు. సినిమాలకైతే సరిపోతుంది. కానీ అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారు, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలు ల్యాప్‌టాప్‌కు తగిలించుకోవడానికే టీవీ కొంటున్నారు. బొమ్మ బాగా కనబడే టీవీలో అక్షరం కూడా బాగుంటుందన్న భరోసా లేదు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ప్యానెల్, అంటే టీవీ తెర గురించి. 32 అంగుళాల చౌక టీవీల్లో చాలావాటిది హెచ్‌డీ రెడీ ప్యానెల్, అంటే 1366×768 చుక్కలు (పిక్సెళ్లు). అంగుళానికి 49 చుక్కలే పడతాయి. అదే 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) ల్యాప్‌టాప్‌లో 141. దగ్గర కూర్చుని ఎక్సెల్ షీటు తెరిస్తే 6 ఏదో 8 ఏదో పోల్చుకోవడం కష్టం. పెట్టె మీద ‘4కె సపోర్ట్’ అని ఉంటే 4కె (3840×2160) ప్యానెల్ అనుకోకూడదు. వచ్చిన 4కె సిగ్నల్‌ను కుదించి చూపిస్తుందని మాత్రమే కావచ్చు. బల్ల మీద పెట్టుకుని పనిచేయడానికి 43 అంగుళాల 4కె సరైనది. అంగుళానికి 102 చుక్కలు వస్తాయి, విండోస్‌లో అక్షరాల సైజు పెంచే స్కేల్ 125 లేదా 150 శాతం పెట్టుకుంటే కళ్లకు హాయిగా ఉంటుంది. అదే 43లో ఫుల్ హెచ్‌డీ అయితే 51 చుక్కలే, హాల్లో దూరం నుంచి చూడటానికే పనికొస్తుంది. ప్రకటనలో ధర పక్కనే ఈ ప్యానెల్ చుక్కల లెక్క కూడా వేయమని మీ పత్రిక షాపులవారిని అడగాలి. ఒక్క లైను పట్టే సంగతి.

షాపుకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. వాళ్లు వేసే జలపాతాల వీడియో చూసి నిర్ణయించుకోవద్దు. వర్డ్‌లో నీలం రంగు పరిచి, దాని మీద సన్నని ఎర్ర అక్షరాలు టైపు చేసి చూడండి. కొన్ని టీవీలు నాలుగేసి చుక్కలకు కలిపి ఒకే రంగు పంచుతాయి. వాటిలో ఆ అక్షరాల అంచులు అలికినట్టుంటాయి. సెట్టింగుల్లో ఆ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చి, షార్ప్‌నెస్ తగ్గిస్తే చాలా టీవీల్లో సర్దుకుంటుంది. అప్పటికీ మారకపోతే ఆ మోడల్ మీకు వద్దు. కింద టాస్క్‌బార్ సగం తెగితే భయపడక్కర్లేదు, పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’ పెడితే చాలు.

మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోందంటే 4కె బొమ్మ సెకనుకు 60 సార్లు కాక 30 సార్లే మారుతుండవచ్చు. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపే పోర్టు హెచ్‌డీఎంఐ; పాత ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 రకం 4కెలో అంతకన్నా ఇవ్వలేదు. హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నా అలాగే ఉంటే, టీవీలో ఆ పోర్టుకు ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ‘డీప్ కలర్’ లాంటి సెట్టింగు ఆపేసి ఉందేమో చూడాలి. కేబుల్ మూడు మీటర్లు దాటకుండా తీసుకోండి. టైప్-సి పోర్టులన్నిటి నుంచీ బొమ్మ రాదు, అడాప్టర్ కొనేముందే ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్’ అని ఉందో లేదో చూసుకోవాలి.

మన డెల్టాలో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని ఏ షాపులోనూ చెప్పరు. స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి టీవీలోకి, హెచ్‌డీఎంఐ గుండా ల్యాప్‌టాప్‌లోకి లోహంతో లోహం కలిసే ఉంటుంది. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోతే ఆ వైరులో వచ్చే కరెంటు హెచ్‌డీఎంఐ పోర్టును మాడ్చేయవచ్చు. టీవీ అంచు తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే అదే సూచన. అల్లవరం, అంతర్వేది వైపు ఉప్పు నేలల్లో ఎర్త్ పైపును తుప్పు త్వరగా తినేస్తుంది, ఎలక్ట్రీషియన్‌తో ఏటా చూపించుకోవాలి. ల్యాప్‌టాప్ తగిలించేటప్పుడు టీవీ స్విచ్ కట్టేసి, కేబుల్ వైరు పీకి, హెచ్‌డీఎంఐ పెట్టాక స్విచ్ వేయండి. ఆకాశం ఉరమకముందే కేబుల్ వైరూ, హెచ్‌డీఎంఐ వైరూ తీసేయండి. స్టెబిలైజర్ ఉందిలే అని ఊరుకోవద్దు, అది కేబుల్ వైరు దారిన వచ్చే పిడుగును ఆపలేదు.

– ఒక పాఠకుడు, అమలాపురం