గాయక బృందం గురించి మీతో కొన్ని మాటలు

ప్రియమైన తల్లిదండ్రులకు,

క్రీస్తునాథుని పేరిట నమస్కారం.

గత శుక్రవారం ఏడాది ఆఖరి కృతజ్ఞతా పూజలో జరిగిన దాని గురించి చాలామంది ఫోన్ చేశారు, కొందరు ఆఫీసుకే వచ్చారు. అందుకే ఈ లేఖ దాదాపు దాని గురించే. మిగతావి ముందే చెప్పేస్తాను: లైబ్రరీ పుస్తకాలు సెలవులకు ముందే ఇచ్చేయాలి, ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం చేసి పంపాలి, బస్సు రూట్ల మార్పులు నోటీసు బోర్డులో ఉన్నాయి.

కీర్తన చరణాలు ఒక్కడే పాడుతున్న ఎనిమిదో తరగతి అబ్బాయి గొంతు రెండో చరణంలో పై స్వరం దగ్గర చీలిపోయింది. ఆగిపోయాడు. మీలో ఎవరో తీసిన వీడియో కూడా సరిగ్గా అక్కడే ఆగింది. సాయంత్రానికల్లా నవ్వుల బొమ్మలతో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఆ వీడియోలో లేనిది నేను చెబుతాను. అతని పక్కనున్న ఆరో తరగతి పాప ఎవరూ సైగ చేయకుండానే పల్లవి అందుకుంది. రెండు మాటలు దాటేలోపు బృందమంతా కలిసింది, ఆ వెనకే చర్చిలో ఉన్నవాళ్లంతా. పల్లవి అయిపోగానే మ్యూజిక్ టీచర్ కీబోర్డు మీద శ్రుతి దించి, కొత్త స్వరం ఒక్కసారి వినిపించి, అబ్బాయి వైపు చూసి తలూపారు. అతను మూసిన పుస్తకం తెరిచి, మిగిలిన చరణాలు చివరిదాకా పాడాడు.

గొంతు మారే వయసు పిల్లాడికి కీర్తన ఎందుకిచ్చారని అడిగారు. ఆ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. నిన్న అందిన స్వరం ఇవాళ అందకపోవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఏడాది పొడవునా వారం వారం కీర్తన మోసిన గొంతు అది. ఆఖరి పూజలో ఆ చోటు అతనిదే. నిర్ణయం సరైనదే.

స్కూలు తెరిచిన కొత్తలో ఈ పిల్లల్లో చాలామందికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. నవంబర్ 2న, చనిపోయినవారి కోసం చేసే సకల ఆత్మల స్మరణ పూజలో, మొదటిసారి అరవకుండా మెల్లగా పాడారు. అదే నెల 22న, సంగీతానికి పాలక పునీతురాలైన సిసీలియమ్మ పండుగనాడు, మొదటిసారి రెండు గొంతుల్లో పాడారు. కింది స్వరం పట్టుకున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. అందరి చెవికీ తగిలే పై స్వరం కావాలని ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. చిన్న తరగతుల వాళ్ల పుస్తకాల్లో ఊపిరి తీసుకోవాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టింది కూడా తనే. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు ఇది చదివి గర్వపడే హక్కు ఉంది.

డిసెంబర్‌లో కొందరు "రికార్డు చేసిన ట్రాక్ పెట్టేస్తే సరిపోతుంది కదా సిస్టర్, వాయిద్యాలన్నీ ఉంటాయి" అన్నారు. పెట్టను. నేనీ కుర్చీలో ఉన్నంతకాలం పెట్టనివ్వను. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. శుక్రవారం ట్రాక్ పెట్టి ఉంటే ఆ అబ్బాయిని అక్కడే వదిలేసి పాట ముందుకు వెళ్లిపోయేది. 1963లో కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ గాయక బృందాలను శ్రద్ధగా పోషించమంది, విశ్వాసులందరూ తమ వంతు పాడేలా చూడమనీ అంది. పెట్టెలోంచి వచ్చే పాటతో ఈ రెండూ జరగవు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో వాయిద్యాలు కూడా పాటకు ఆసరాగా మాత్రమే ఉండాలి. ఆ రోజుల్లో మహిమ గీతం ఆదివారాల్లో కూడా ఉండదు, అల్లెలూయ అసలే ఉండదు. పిల్లలు అన్ని వారాలు దాన్ని నోట్లోనే ఆపుకున్నారు. ఈస్టర్ ముందు రాత్రి పాస్కా జాగరణలో ఫాదర్ అల్లెలూయ ఎత్తుకోగానే వాళ్లు అందుకున్న తీరు విన్నవాళ్లెవరూ నన్ను మళ్లీ ట్రాక్ అడగరు.

ఇంటి సంగతులు కొన్ని. మీ పనుల ఒత్తిడి నాకు తెలుసు, అర్థం చేసుకోగలను. అయినా ఏడున్నర ప్రాక్టీసుకు ఎనిమిదింటికి పిల్లల్ని దింపి "కొంచెం లేటైంది సిస్టర్" అంటే, ఆ కొంచెం కోసం మిగతా పిల్లలంతా మళ్లీ మొదటి నుంచి పాడాల్సి వస్తోంది. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసిన పిల్లలకు పొద్దున గొంతు పెగలదు, దానికి వాతావరణం కారణం కాదు. పాటల పుస్తకం లెక్కలు వేసుకునే రఫ్ నోట్సు కూడా కాదు. ట్యూషన్ ఉందని పవిత్ర వారం ప్రాక్టీసులకు పిల్లల్ని పంపని కొందరు, పాస్కా రాత్రి మాత్రం వాళ్లను ముందు వరుసలో నిలబెట్టమని అడిగారు. నేను నవ్వుతూనే కుదరదన్నాను. వచ్చే ఏడాదీ నా జవాబు అదే.

ఇకపై పూజ జరిగేటప్పుడు ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. పిల్లల ఫొటోలు కావాలంటే పూజ అయ్యాక బృందాన్ని మెట్ల మీద నిలబెడతాం, కావలసినన్ని తీసుకోండి. ఆ వీడియో ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే దయచేసి ఇవాళే తీసేయండి, ఎవరికి పంపారో వాళ్లనీ తీసేయమని చెప్పండి. అబ్బాయి సెలవుల తర్వాత కింది స్వరాల వరుసలో పాడతాడు. మ్యూజిక్ టీచర్‌తో మాట్లాడి అతనే అడిగి పెట్టించుకున్నాడు. స్కూలు తెరిచాక మొదటి సోమవారం ప్రాక్టీసు, ఏడున్నరకు.

మీ
ప్రధానోపాధ్యాయిని